ఎవరి ఫోన్‌లో పరీక్షించారు?

విశ్వవిద్యాలయం ఏ సాఫ్ట్‌వేర్ కొనుక్కోవాలన్నది స్త్రీల పత్రిక సంపాదకీయం రాయాల్సిన విషయమేనా అని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. గృహహింస, భూమి హక్కు, కూలిరేట్లు, ఆగని బాల్యవివాహాలు - ఇన్ని పెట్టుకుని కంప్యూటర్ సెంటర్ వాళ్ళు చూసుకోవాల్సిన పని మనకెందుకని అడగవచ్చు. కానీ చదువు గుమ్మం దగ్గర ఎవరు ఆగిపోతున్నారన్నది ఎప్పుడూ మన విషయమే. ఆ గుమ్మం ఇప్పుడు ఫోన్ తెర మీదికి వచ్చింది. లోపలికి రావాలంటే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడుగుతోంది.

కళాశాలల్లో ఎల్.ఎమ్.ఎస్. అని పిలుస్తున్నది దీన్నే. పాఠాలు, వీడియోలు, అసైన్‌మెంట్లు, ఇంటర్నల్ పరీక్షలు, మార్కులు, హాజరు - అన్నిటినీ ఒకేచోట నడిపించే కోర్సు నిర్వహణ సాఫ్ట్‌వేర్. మూడుల్, కాన్వాస్, బ్లాక్‌బోర్డ్, గూగుల్ క్లాస్‌రూమ్ లాంటి పేర్లు అధ్యాపకులకి పరిచయమే. కేంద్ర ప్రభుత్వం 2017 జులైలో 'స్వయం' వేదికని మొదలుపెట్టింది. ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సుల్ని ఆ వేదిక మీద చదివి క్రెడిట్లు తెచ్చుకోవచ్చని యు.జి.సి. 2021లో నిబంధనలు చేసింది. అంతకు ముందే, 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ రాగానే కళాశాలలన్నీ రాత్రికి రాత్రి ఫోన్‌లోకి మారిపోయాయి. అప్పుడు ఎవరూ దేన్నీ పరీక్షించి ఎంచుకోలేదు. చేతికి దొరికింది వాడారు. అది ఆపద సమయం కాబట్టి అర్థం చేసుకోవచ్చు. ఇప్పుడు ఆ ఆపద లేదు. టెండర్లు పిలవడానికీ, కమిటీలు వెయ్యడానికీ, ఒకటి రెండు సాఫ్ట్‌వేర్లని ఒక సెమిస్టర్ పాటు ప్రయోగాత్మకంగా నడిపి చూడడానికీ కావలసినంత తీరిక వుంది. ఇప్పుడు కూడా స్త్రీలని లెక్కలోకి తీసుకోకపోతే దాన్ని తొందర అనలేం.

కొన్ని అంకెలు చూద్దాం. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఎప్పుడైనా ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం. పురుషులు 48.8 శాతం. తెలంగాణలో స్త్రీలు 26.5, పురుషులు 57.4. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, ఈ అంకెలూ పెరిగే వుంటాయి. కానీ ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ మధ్య రెట్టింపు తేడా వున్న చోట, 'అందరి దగ్గరా ఫోన్లున్నాయి కదా' అని ఒక్క వాక్యంతో తేల్చెయ్యడం ఎంత సులువో చూడండి. ఇంట్లో ఫోన్ వుండడం వేరు, అది అమ్మాయి చేతిలో వుండడం వేరు. నాన్న పొలం నుంచి వచ్చేదాకా, తమ్ముడి ఆట అయ్యేదాకా ఆగి తీసుకునే ఫోన్ అది.

ఇక దూరవిద్య సంగతి. 2020-21 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే లెక్కల్లో దూరవిద్యలో చేరినవాళ్ళు 45.71 లక్షల మంది. అందులో స్త్రీలు 20.9 లక్షలు. పెళ్ళయి చదువు ఆగిపోయినవాళ్ళూ, అంగన్‌వాడీల్లో పనిచేస్తూ డిగ్రీ కట్టినవాళ్ళూ, ఊరు దాటి పంపని ఇళ్ళ పిల్లలూ అందులో వుంటారు. మన దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే పుట్టింది. ఇప్పుడు డా. బి.ఆర్. అంబేద్కర్ పేరుతో వున్నది అదే. బడికి వెళ్ళే వయసులో బడికి వెళ్ళలేకపోయిన వాళ్ళకి కూడా తలుపు తెరవాలన్నది దాని ఉద్దేశ్యం. అలాంటి చదువులు తెర మీదికి మారుతున్నప్పుడు ఆ తెర ఎవరి కోసం తయారయిందని అడగాలి కదా.

ప్రయోగం ఎలా జరుగుతుందో చూస్తే సగం విషయం అర్థమవుతుంది. సాధారణంగా ఒక కమిటీ వేస్తారు. ఇద్దరు ముగ్గురు కంపెనీవాళ్ళని పిలిచి వాళ్ళ సాఫ్ట్‌వేర్ చూపించమంటారు. సమావేశ మందిరంలో, మంచి ఇంటర్నెట్ మీద, పెద్ద తెర మీద ఏ సాఫ్ట్‌వేరైనా అందంగానే వుంటుంది. తర్వాత ఒకటో రెండో ఎంచుకుని, 'ఆసక్తి వున్న అధ్యాపకులు ముందుకు రండి' అంటారు. ముందుకు వచ్చేది కంప్యూటర్ సైన్సు విభాగం, మేనేజిమెంటు విభాగం. వాళ్ళ విద్యార్థులకి లాప్‌టాప్‌లుంటాయి, హాస్టల్లో వైఫై వుంటుంది. తెలుగు శాఖ, చరిత్ర శాఖ, జిల్లా కేంద్రానికి నలభై కిలోమీటర్ల అవతల వుండే అనుబంధ డిగ్రీ కళాశాల ఈ ప్రయోగంలోకి రావు. సెమిస్టర్ చివర 'మీకు సంతృప్తిగా వుందా' అని ఒక ప్రశ్నాపత్రం పంపుతారు. ఆ ప్రశ్నాపత్రాన్ని కూడా ఆన్‌లైన్‌లోనే పంపుతారు! లోపలికి రాలేకపోయినవాళ్ళు దాన్ని ఎలా నింపుతారు? మధ్యలో మానేసినవాళ్ళకి అది ఎలా చేరుతుంది? అలా వచ్చిన జవాబుల్ని పట్టిక వేసి, ఎక్కువమంది సంతృప్తిగా వున్నారని పాలకమండలికి నివేదిక ఇస్తారు. నివేదికలో అబద్ధమేమీ వుండదు. లేనివాళ్ళు లేరంతే.

అందుకని ప్రయోగంలో ఎవరున్నారన్నదే మొదటి ప్రశ్న కావాలి. ఒక ఫోన్‌ని ముగ్గురు పంచుకునే ఇంటి అమ్మాయి, గిరిజన సంక్షేమ హాస్టల్ విద్యార్థిని, చంటిబిడ్డ తల్లి, చూపు లేని విద్యార్థిని, రీఛార్జి అయిపోతే పది రోజులు ఆగే విద్యార్థిని - వీళ్ళు ఆ ఒక్క సెమిస్టర్‌లో వుండాలి. తక్కువ ఖరీదు ఆండ్రాయిడ్ ఫోన్ మీద, ఊళ్ళో వచ్చే సిగ్నల్ మీద చూడాలి. ఒక వారం పాఠానికి ఎన్ని ఎమ్.బి.లు ఖర్చవుతాయో కొలిచి రాయాలి. ఎన్నిసార్లు లాగిన్ అయ్యారో లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్‌కి, ఎంతమంది ఒక్కసారి కూడా లాగిన్ కాలేదో లెక్కపెట్టడం కష్టం కాదు. వాళ్ళ ఇళ్ళకి ఎవరైనా ఫోన్ చేసి కారణం అడగాలి. ఈ పని మన సంఘాల కార్యకర్తలు ఏ ప్రొఫెసరు కన్నా బాగా చెయ్యగలరు.

చిన్నవిగా కనిపించే అమరికలు కొన్ని వున్నాయి. ఎవరి బతుకుని దృష్టిలో పెట్టుకుని వాటిని పెట్టారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మూడుల్‌లో సమయం నిర్ణయించిన పరీక్ష ఒకసారి మొదలయ్యాక, కరెంటు పోయినా సిగ్నల్ పోయినా గడియారం ఆగదు. రాసిన జవాబులు మధ్యమధ్యలో భద్రమవుతాయి, పోయిన సమయం మాత్రం తిరిగి రాదు. ఏదైనా విద్యార్థినికి అదనపు సమయం ఇవ్వాలంటే అధ్యాపకుడు విడిగా మార్చాలి. అలా మార్చవచ్చని ఎంతమంది అధ్యాపకులకి నేర్పారు? అదే మూడుల్ యాప్‌లో సిగ్నల్ వున్నప్పుడు పాఠాల్ని దించుకుని తర్వాత చదువుకునే వీలుంది, అధ్యాపకులు అనుమతిస్తే క్విజ్‌ని కూడా ఆఫ్‌లైన్‌లో రాసి తర్వాత పంపవచ్చు. సౌకర్యం వున్నా దాన్ని తెరిచిపెట్టకపోతే లేనట్టే. తెలుగులో మెనూలు కూడా వున్నాయి గానీ అనువాదం పూర్తి కాలేదు. సగం తెలుగు, సగం ఇంగ్లీషు తెర చూసి తికమకపడేది ఎవరో మనకి తెలుసు. అసైన్‌మెంటు గడువు రాత్రి 11 గంటల 59 నిమిషాలకి అని పెట్టడం ఒక అలవాటయింది. వంటా గిన్నెలూ అయ్యి, పిల్లల్ని పడుకోబెట్టి, పదిన్నరకి ఫోన్ పట్టుకునే స్త్రీకి ఆ గంటన్నరే మిగులుతుంది. సర్వర్ మొరాయించేది కూడా ఆ గంటన్నరలోనే, ఎందుకంటే అందరూ అప్పుడే పంపుతారు.

అసలు ఆ వేళకి ఫోన్ చేతిలో వుండనిస్తేనే కదా ఇదంతా. కేరళలో కోళికోడ్ జిల్లా చేలన్నూరులో ఒక కళాశాల స్త్రీల హాస్టల్లో సాయంత్రం 6 నుంచి రాత్రి 10 దాకా ఫోన్ వాడకూడదని నిబంధన పెట్టారు. ఒప్పుకోని బి.ఎ. విద్యార్థినిని హాస్టల్ నుంచి పంపేశారు. ఆమె హైకోర్టుకి వెళ్ళింది. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో, వ్యక్తిగత గోప్యత హక్కులో భాగమని 2019 సెప్టెంబరు 19న జస్టిస్ పి.వి. ఆశ తీర్పు ఇచ్చి, ఆమెని తిరిగి చేర్చుకోమన్నారు. ఈ తీర్పుని మనం ఇంకా సరిగా వాడుకోలేదు. ఒకపక్క హాస్టల్ వార్డెన్ ఫోన్ లాక్కుంటుంటే, మరోపక్క అదే విశ్వవిద్యాలయం ఆన్‌లైన్ అసైన్‌మెంట్లకి మార్కులు వేస్తుంటే, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి అడిగే అవకాశం మనకిప్పుడు వుంది.

రెండో పెద్ద విషయం భద్రత. కరోనా రోజుల్లో క్లాసుకొక వాట్సాప్ గ్రూపు పెట్టారు. ఆ ఒక్క పనితో క్లాసులో ప్రతి అమ్మాయి ఫోన్ నంబరూ ప్రతి అబ్బాయికీ, ప్రతి అధ్యాపకుడికీ చేరిపోయింది. ఎవరినీ అడగలేదు. రాత్రిపూట వచ్చే మెసేజీల గురించి అమ్మాయిలు ఇంట్లో చెప్తే ఫోనే తీసేస్తారని చెప్పుకోలేదు. సరయిన కోర్సు సాఫ్ట్‌వేర్ వుంటే నంబరు ఇవ్వకుండానే క్లాసులో మాట్లాడుకోవచ్చు, ఇది దానిలో వున్న మేలు, ఒప్పుకోవాలి. కానీ దానిలోనూ ఈమెయిల్ ఎవరికి కనిపించాలి, ఫోటో తప్పనిసరా, ఎవరు ఎవరికి నేరుగా మెసేజ్ పంపవచ్చు అన్నవన్నీ ఎవరో ఒకరు నిర్ణయించి పెట్టిన అమరికలే. కొన్న మొదటి రోజు ఎలా వున్నాయో అలాగే వదిలేస్తే, తమకి తెలియకుండానే అమ్మాయిలు బయటపడతారు. దాచడం మొదటి అమరికగా వుండాలి, చూపించడం ఆమె ఇష్టంగా వుండాలి.

ఈ సాఫ్ట్‌వేర్లు ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారు, ఏది తెరిచారు, ఏ ఐ.పి. చిరునామా నుంచి వచ్చారు అని చిట్టా రాసుకుంటాయి. దీనికి రెండు ముఖాలున్నాయి. లైంగిక వేధింపుల మీద ఫిర్యాదు వచ్చినప్పుడు ఆ చిట్టా సాక్ష్యమవుతుంది. యు.జి.సి. 2015 నిబంధనల ప్రకారం అంతర్గత ఫిర్యాదుల కమిటీకి మూడు నెలల లోపు ఫిర్యాదు ఇవ్వవచ్చు, తగిన కారణముంటే ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. కాబట్టి ఆ లోపల చిట్టాలూ, తుడిచేసిన మెసేజీలూ పోకుండా వుండాలి, కమిటీ అడిగితే ఇవ్వాలి. కానీ అదే చిట్టా పట్టుకుని 'మీ అమ్మాయి రాత్రి ఒంటిగంటకి ఫోన్‌లో వుంది' అని ఇంటికి కబురు చేసే అధికారం ఎవరికీ వుండకూడదు. చూసేది ఎవరు, ఎంతకాలం దాస్తారు అన్నది టెండరు కాగితంలోనే రాయించాలి. తర్వాత చూద్దామన్నది ఎప్పటికీ చూడరు. ఎంపిక కమిటీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ సభ్యురాలు ఒకరు వుండాలని మేమనేది ఇందుకే.

పరీక్షల కాపలా సాఫ్ట్‌వేర్ ఇంకా ముదురు వ్యవహారం. పరీక్ష రాసేవాళ్ళని కెమెరాతో గది అంతా తిప్పి చూపించమంటుంది. అమెరికాలో ఒహాయో రాష్ట్రపు క్లీవ్‌లాండ్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి తన పడకగదిని అలా చూపించాల్సి వచ్చింది. అది అకారణ సోదా కిందికి వస్తుందని, రాజ్యాంగ విరుద్ధమని 2022 ఆగస్టులో అక్కడి ఫెడరల్ కోర్టు చెప్పింది. ఒకే గదిలో అయిదుగురు వుండే మన ఇళ్ళలో ఆ కెమెరా ఎవరెవర్ని చూస్తుందో వేరే చెప్పాలా?

ముందే ఆలోచించకపోతే ఏమవుతుందో చెప్పే కథ ఒకటి అమెరికాలోనే వుంది. పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయం ఏంజెల్ అనే కోర్సు సాఫ్ట్‌వేర్ వాడేది. తెర మీది అక్షరాల్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో దాన్ని వాడడం అంధ విద్యార్థులకీ అధ్యాపకులకీ సాధ్యం కావడం లేదని, లైబ్రరీ కేటలాగు, వెబ్‌సైట్లు కూడా అలాగే వున్నాయని అక్కడి జాతీయ అంధుల సమాఖ్య 2010 నవంబరులో కేంద్ర విద్యాశాఖకి ఫిర్యాదు చేసింది. 2011 అక్టోబరులో విశ్వవిద్యాలయం రాజీకి వచ్చి అన్నిటినీ సరిచేస్తానని రాసిచ్చింది. తర్వాత కొన్నేళ్ళకి కాన్వాస్‌కి మారింది. వేలమంది వాడుతున్న దాన్ని మధ్యలో సరిచెయ్యడానికయ్యే ఖర్చు, కొనేముందు ఇద్దరు అంధ విద్యార్థినుల్ని కూర్చోబెట్టి చూపించడానికి కాదు. మనకీ 2016 వికలాంగుల హక్కుల చట్టం వుంది.

ఏంజెల్ సంగతి ఎత్తాం కాబట్టి డబ్బు విషయం కూడా. ఏంజెల్‌ని 2009లో పోటీ కంపెనీ బ్లాక్‌బోర్డ్ కొనేసింది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో పుట్టిన వెబ్‌సి.టి.ని అంతకు ముందు, 2006లో కలిపేసుకుంది. అదే ఏడాది ఆన్‌లైన్ చదువు పద్ధతి మీద తనకి పేటెంటు వచ్చిందని డిజైర్‌టులెర్న్ అనే చిన్న కంపెనీ మీద దావా వేసింది. 2008లో జ్యూరీ 31 లక్షల డాలర్లు కట్టమంది. 2009లో పై కోర్టు ఆ పేటెంటు చెల్లదంది. పాఠం చెప్పే పద్ధతికి సొంతదారులుంటారా అని ఆ మూడేళ్ళూ విశ్వవిద్యాలయాలు భయపడ్డాయి. 2021లో బ్లాక్‌బోర్డ్ కూడా ఆంథాలజీ అనే కంపెనీలో కలిసింది, ఆ ఆంథాలజీ 2025 సెప్టెంబరులో దివాలా రక్షణ కోరింది. కంపెనీలు చేతులు మారుతుంటాయి. మన పిల్లల మార్కులూ, జవాబులూ, ఫోటోలూ ఎవరి చేతికి వెళ్తాయి? ఒప్పందం ముగిశాక వాటిని మామూలు పద్ధతిలో తిరిగిచ్చి, తమ దగ్గరున్నవి తుడిచేస్తామని కంపెనీ రాసిచ్చిందా?

మూడుల్ ఇంకో దారి. ఆస్ట్రేలియాలో కర్టిన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మార్టిన్ డుగియమాస్ దాన్ని తయారుచేసి 2002లో మొదటి పూర్తి వెర్షన్ విడుదల చేశాడు. ఎవరైనా ఉచితంగా తీసుకుని మార్చుకోవచ్చు. ఎడారి ప్రాంతంలో, బడి అందుబాటులో లేక రేడియో పాఠాలు వింటూ చదువుకున్నవాడతను. బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ 2005లో దీన్నే ఎంచుకుంది. అయితే ఉచితం అంటే ఖర్చు లేనిదని కాదు. సర్వర్లు కావాలి, నడిపే మనుషులు కావాలి, వాళ్ళకి జీతాలు కావాలి. కంపెనీకి కట్టే లైసెన్సు డబ్బుతో స్థానికంగా నలుగురు అమ్మాయిలకి ఉద్యోగమిచ్చి దాన్ని నడిపించుకోవచ్చా అన్నది కమిటీ లెక్కవేసి చూడాల్సిన విషయం. తక్కువ ధరకి టెండరు వేసినవాళ్ళకే ఇవ్వడం మనకి అలవాటు. ఆ తక్కువ ధరలో తెలుగు లేదు, ఆఫ్‌లైన్ లేదు, ఫోన్ చేస్తే పలికే మనిషి లేదు అంటే మిగతా ఖర్చు విద్యార్థిని కడుతోందన్నమాట.

ఇంకా ఒకరి శ్రమ గురించి ఎవరూ మాట్లాడరు. పాఠాల్ని ఎక్కించేదెవరు? గంటకింత అని జీతం తీసుకునే గెస్ట్ లెక్చరర్లు, కాంట్రాక్టు అధ్యాపకులు. అందులో స్త్రీలు ఇంటికి వెళ్ళాక, వంట మధ్యలో వీడియోలు ఎక్కిస్తారు. ఆ గంటలు ఏ లెక్కలోనూ లేవు. వచ్చే ఏడాది ఆమెని తీసేసినా ఆమె గొంతుతో పాఠం నడుస్తూనే వుండవచ్చు. కెనడాలో టొరంటోలోని యార్క్ విశ్వవిద్యాలయం అధ్యాపకులు 1997లో దాదాపు రెండు నెలలు సమ్మె చేసి, తమ అంగీకారం లేకుండా బోధనలోకి సాంకేతికతని రుద్దకుండా ఒప్పందంలో రక్షణ సంపాదించుకున్నారు. మన అధ్యాపక సంఘాల కోరికల పత్రాల్లో ఈ మాట ఎక్కాలి. వీడియో ఎవరిది, ఎన్నేళ్ళు వాడతారు, ఎక్కించిన గంటకి ఎంత అన్నది రాతలో వుండాలి.

తిరుపతిలో 1983 నుంచి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వుంది, హైదరాబాదులో కోఠి మహిళా కళాశాల 2022లో విశ్వవిద్యాలయమై ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో నడుస్తోంది. పైన చెప్పినట్టు ప్రయోగం చేసి చూపించడానికి వీటికన్నా తగిన చోటు ఏముంది? అక్కడి విద్యార్థినులు, పూర్వ విద్యార్థినులు ఈ సంచికని చదువుతున్నారు. మొదలుపెట్టగలవాళ్ళు వాళ్ళే.

మిగతా జిల్లాల్లో కార్యకర్తలు ఈ మూడు నెలల్లో ఒక పని చెయ్యాలని కోరుతున్నాం. మీ దగ్గరి విశ్వవిద్యాలయానికి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. ఎంపిక కమిటీ సభ్యుల పేర్లు, అందులో స్త్రీలెందరు, ప్రయోగం ఏ విభాగాల్లో, ఏ కళాశాలల్లో జరిగింది, అందులో విద్యార్థినులెందరు, ఒక్కసారి కూడా లాగిన్ కానివాళ్ళెందరు, ఒప్పందంలో సమాచారం తిరిగిచ్చే షరతు వుందా అని అడగండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. వ్యాపార రహస్యమని సెక్షన్ 8(1)(డి) చూపిస్తే, ప్రయోగ నివేదిక కంపెనీది కాదు, విశ్వవిద్యాలయం సొంత కాగితమని అప్పీలు చెయ్యండి. వచ్చిన జవాబుల నకళ్ళు, రాని చోట దరఖాస్తు నకళ్ళు కూడా, పత్రిక చిరునామాకి పంపండి. వచ్చే సంచికలో విశ్వవిద్యాలయాల వారీగా వేస్తాం.